విత్తనాల్లో జీఎం కలిసిందా లేదా: టెస్ట్ రిపోర్ట్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

రోహిణి కార్తె దగ్గరపడిందంటే మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఏడూ ఒకటే వార్త, ఫలానా మండలంలో ఇన్ని క్వింటాళ్ల హెచ్‌టీ పత్తి విత్తనాలు, అంటే గడ్డి మందు తట్టుకునేలా జన్యువు మార్చిన అనుమతి లేని విత్తనాలు పట్టుకున్నారు, లూజు సంచుల్లో ఉన్నాయి, లేబుల్ లేదు, శాంపిల్ ల్యాబ్‌కి పంపారు అని. అక్కడితో వార్త అయిపోతుంది. ఆ ల్యాబ్‌లో ఏం చేస్తారు, రిపోర్ట్ మీద ఏం రాసి వస్తుంది, ఆ రాసినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అనేది మాత్రం ఎక్కడా కనపడదు. నాకు అసలు విషయం అదే అనిపిస్తుంది. ఎందుకంటే "జీఎం ఉంది", అంటే బయటి జీన్ పెట్టి జన్యుమార్పిడి చేసిన గింజ ఉంది అని రిపోర్ట్ వస్తే, ల్యాబ్ సరిగ్గా పని చేసి ఉంటే, అది చాలా గట్టి మాట. "జీఎం కనిపించలేదు" అని వస్తే మాత్రం ఎన్ని గింజలు చూశారు, దేని కోసం వెతికారు అనే రెండు సంగతులు తెలియకుండా ఆ కాగితంతో ఏమీ తేల్చలేం. రైతు కావచ్చు, సేంద్రియ పత్తి కొనే కంపెనీ కావచ్చు, బయటి దేశానికి బియ్యం పంపే మిల్లు కావచ్చు, అందరూ ఇక్కడే తడబడుతున్నారు.

ముందు మన దేశం సంగతి ఒకసారి చూద్దాం. ఇప్పటిదాకా మన దగ్గర రైతులు వాణిజ్యపరంగా వేసుకోవడానికి చట్టబద్ధంగా అందుబాటులోకి వచ్చిన జీఎం పంట పత్తి ఒక్కటే, కాయతొలుచు పురుగుని చంపే ప్రోటీన్ తయారయ్యేలా ఒక బాక్టీరియా నుంచి తెచ్చిన క్రై జీన్ పెట్టిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, 2006లో అలాంటి క్రై జీన్లు రెండు ఉన్న బోల్‌గార్డ్ 2 వచ్చింది. బీటీ వంకాయ 2010లో మారటోరియంతో, అంటే తాత్కాలిక నిషేధంతో ఆగిపోయింది. ఆవాలకి, అంటే డీఎంహెచ్-11కి, 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు కానీ సుప్రీంకోర్టులో కేసు నడిచి 2024 జులైలో ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. కాబట్టి మొక్కజొన్న, సోయా, వరి, వంకాయ, ఇలా ఏ విత్తనంలో అయినా జీఎం కనపడితే అది ఎంత ఉంది అనే ప్రశ్నే లేదు, ఉండటమే తప్పు. పత్తి దగ్గర మాత్రం కథ తిరగబడుతుంది, ఎందుకంటే మన చేలల్లో 90 శాతం పైనే బీటీ, అంటే అందులో జీఎం ఉండి తీరాలి, కానీ అనుమతి లేని జీఎం ఉండకూడదు. గడ్డి మందు తట్టుకునే హెచ్‌టీ పత్తి, ఊళ్లలో బీజీ-3 అని పిలిచేది, ఈ అనుమతి లేని రకం. దానికి అప్లికేషన్ పెట్టిన కంపెనీ 2016లో వెనక్కి తీసుకుంది, ఆ మరుసటి ఏడాదే అది ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ పొలాల్లో బయటపడింది.

ఇప్పుడు టెస్టింగ్‌లోకి వద్దాం. అందరూ మెషిన్ గురించి అడుగుతారు, నేను సంచి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే చాలావరకు తప్పు అక్కడే జరుగుతుంది.

అన్నం ఉడికిందా లేదా అని చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటాం, అది నిజమే, కుండ మొత్తానికి ఒకటే మంట, ఒకటే నీళ్లు. విత్తనాల లాట్‌కి, అంటే ఒకే బ్యాచ్‌గా వచ్చే సరుకుకి, ఈ లెక్క అస్సలు పనికిరాదు. 20 టన్నుల మొక్కజొన్న లాట్ అనుకోండి, వెయ్యి గింజలు సుమారు 300 గ్రాములు తూగుతాయి, అంటే ఆ లాట్‌లో ఆరున్నర కోట్ల గింజలు పైనే. అందులో వెయ్యికి ఒక గింజ జీఎం అనుకుందాం, అంటే 0.1 శాతం, అంటే 65 వేల జీఎం గింజలు ఆ లాట్‌లో ఉన్నట్టు. మీరు ఒక వంద గింజలు తీసి టెస్ట్ చేస్తే ఒక్కటి కూడా చేతికి రాకపోవడానికి 90 శాతం అవకాశం ఉంది. ల్యాబ్ ఎంత మంచిది అయినా, మెషిన్ ఎన్ని లక్షలది అయినా, రాని గింజని అది ఎలా పట్టుకుంటుంది?

దీనికి ఒక చిన్న లెక్క ఉంది, ఈ పనిలో ఉన్న ప్రతి ఒక్కరికీ నోటికి వచ్చేది. ఎన్ని గింజలు చూశారో ఆ సంఖ్యతో 3ని భాగించండి. 300 గింజలు చూసి ఒక్కటీ దొరక్కపోతే, ఈ లాట్‌లో జీఎం 1 శాతం మించి లేదు అని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు, అంతే, సున్నా అని కాదు. 3000 గింజలు చూసి ఒక్కటీ దొరక్కపోతే 0.1 శాతం మించి లేదు అని చెప్పొచ్చు. 0.01 శాతం దాకా వెళ్లాలంటే 30 వేల గింజలు కావాలి. "జీఎం లేనే లేదు" అని చెప్పాలంటే లాట్ మొత్తం పిండి చేయాలి, అప్పుడు అమ్మడానికి విత్తనమే మిగలదు. అందుకే ప్రపంచంలో ఏ నిజాయితీ గల ల్యాబ్ అయినా సున్నా అని రాయదు, ఇన్ని గింజల్లో కనిపించలేదు అని రాస్తుంది, ఆ "ఇన్ని" అనే అంకె లేని రిపోర్ట్ చేతికి వస్తే వెనక్కి పంపి అడగాల్సిందే.

మరో చిక్కు, కలిసిన గింజలు లాట్ అంతా సమానంగా పరుచుకుని ఉండవు. విత్తనోత్పత్తి చేను పక్కనే జీఎం చేను ఉంటే పుప్పొడి ఎక్కువగా ఆ గట్టు వైపు వరసల మీదే పడుతుంది, ఆ వరసల్లో కోసిన కంకులు ఒకచోట కుప్ప పోస్తారు, ఆ కుప్ప నాలుగు సంచుల్లోకి పోతుంది, మిగతా వంద సంచులు శుభ్రంగా ఉంటాయి. ఇన్‌స్పెక్టర్ పైన కనపడే రెండు సంచులకి బొక్క పెట్టి గుప్పెడు తీస్తే ఆ నాలుగు సంచులు దొరుకుతాయన్న గ్యారంటీ ఏముంది? అందుకే శాంపిల్ తీసే పొడవాటి గొట్టంతో పైన, మధ్యలో, అడుగున, అదీ చాలా సంచుల నుంచి తీసి అన్నీ కలిపి, ఆ కలిపిన దాంట్లోంచి మళ్లీ సమానంగా విభజిస్తూ తగ్గించుకుంటూ రావాలని అంతర్జాతీయ విత్తన పరీక్ష సంస్థ, అంటే ఇస్టా, రూల్స్ పెట్టింది. 2019లో ఆ సంస్థ మహాసభ మన హైదరాబాద్‌లోనే జరిగింది. మన 1966 విత్తన చట్టం ప్రకారం కూడా ఇన్‌స్పెక్టర్ తీసిన శాంపిల్‌ని మూడు భాగాలు చేసి ఒకటి అమ్మినవాళ్లకి ఇచ్చి, ఒకటి ల్యాబ్‌కి పంపి, ఒకటి తన దగ్గర సీలేసి ఉంచుకోవాలి, తర్వాత గొడవ వస్తే కోర్టులో పనికొచ్చేది ఆ మూడో భాగమే.

సరే, గింజలు సరిగ్గా తీశారు అనుకుందాం. తర్వాత పొలం గట్టు మీద, గోడౌన్‌లో చేసేది స్ట్రిప్ టెస్ట్. చిన్న ప్లాస్టిక్ ట్యూబ్‌లో గింజ పప్పు గానీ ఆకు ముక్క గానీ వేసి చిన్న రోకలి లాంటి పుల్లతో నలిపి, బఫర్ ద్రావణం పోసి, అందులో స్ట్రిప్ నిలబెడితే ద్రవం పైకి పాకుతుంది, అయిదు పది నిమిషాల్లో ఒక గీత వస్తే స్ట్రిప్ పని చేస్తోంది అని, రెండు గీతలు వస్తే మనం వెతుకుతున్న ప్రోటీన్ ఉంది అని, ఒక్క గీత కూడా రాకపోతే ఆ స్ట్రిప్ పాడైందని, మళ్లీ చేయాలని. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ బీటీ కోసం ఇలాంటి కిట్లు చాలా ఏళ్ల కిందటే తయారు చేసింది. హెచ్‌టీ కోసం వాడేది వేరే స్ట్రిప్, సీపీ4 ఈపీఎస్‌పీఎస్ అనే ప్రోటీన్‌ని పట్టుకునేది. గ్లైఫోసేట్ మందు మొక్కలోని ఈపీఎస్‌పీఎస్ అనే ఎంజైమ్‌ని ఆపేసి మొక్కని చంపుతుంది, ఒక మట్టి బాక్టీరియా నుంచి తెచ్చిన సీపీ4 రకం ఎంజైమ్ ఆ మందుకి లొంగదు, అందుకే ఆ పత్తి గడ్డి మందు కొట్టినా బతుకుతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల రైతులకి, డీలర్లకి మధ్య అనవసరంగా గొడవలు వస్తాయి. ఇప్పుడు వచ్చే 475 గ్రాముల బోల్‌గార్డ్ 2 ప్యాకెట్‌లో 5 నుంచి 10 శాతం బీటీ కాని గింజలు కావాలనే కలుపుతారు, పురుగులో నిరోధక శక్తి త్వరగా పెరగకుండా. కాబట్టి ఒకటి రెండు గింజలు నలిపి బీటీ స్ట్రిప్ పెట్టి గీత రాలేదు, ఇది నకిలీ విత్తనం అంటే కుదరదు. అదే సీపీ4 స్ట్రిప్‌లో ఒక్క గింజకి రెండో గీత వచ్చినా అది ఉండకూడని గింజే. ఒకే ప్యాకెట్ మీద రెండు స్ట్రిప్‌ల ఫలితాన్ని రెండు రకాలుగా చదవాలి.

స్ట్రిప్‌కి హద్దులు ఉన్నాయి. ప్రోటీన్ తయారైతేనే అది పట్టుకుంటుంది, వేడికి ప్రోటీన్ చెడిపోతే పట్టుకోదు, గింజలన్నీ కలిపి పొడి చేసి పెడితే కొన్ని వందల్లో ఒకటి వరకు పర్వాలేదు గానీ వేలల్లో ఒకటి అంటే గీత కనీకనపడకుండా పోతుంది. ఒకే ప్రోటీన్ ఉన్న వేరు వేరు జీఎం రకాల మధ్య తేడా కూడా చెప్పలేదు.

స్ట్రిప్ కన్నా చవకైన పద్ధతి ఇంకోటి ఉంది, దానికి రావాల్సినంత గౌరవం రాలేదని నా బాధ. గింజల్ని మొలకెత్తించి మొలకల మీద లెక్క ప్రకారం కలిపిన గ్లైఫోసేట్ కొట్టడమే. తట్టుకునే జీన్ లేనివి చస్తాయి, ఉన్నవి పచ్చగా నిలబడతాయి, లెక్కపెట్టుకోవడమే పని. ట్రేల్లో వేల మొలకల మీద చేయొచ్చు, ఇందాక చెప్పిన 3000 గింజల లెక్కకి ఇది చక్కగా సరిపోతుంది, ఖరీదైన మెషిన్ అక్కర్లేదు. ఇలాంటిదే కనామైసిన్ టెస్ట్, పాత బీటీ పత్తిలో క్రై జీన్‌తో పాటు కనామైసిన్ అనే యాంటీబయాటిక్‌ని తట్టుకునే ఎన్‌పీటీ-2 అనే మార్కర్ జీన్ కూడా ఉంటుంది, ఆకు మీద ఆ యాంటీబయాటిక్ రాస్తే బీటీ మొక్క ఆకు పచ్చగానే ఉంటుంది, బీటీ కాని మొక్క ఆకు రాసిన చోట పసుపు తిరుగుతుంది. రోజులు పడుతుంది అనేదే వీటితో ఇబ్బంది, మృగశిర దాటిపోతుందేమో అని తొందరలో ఉన్న రైతుని ఆగమని ఎవరు చెప్తారు, కానీ విత్తన కంపెనీకి ఫిబ్రవరి, మార్చిలో బోలెడంత టైం ఉంటుంది కదా.

ఇక పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఈ మాట అందరికీ తెలుసు. ఇక్కడ వెతికేది ప్రోటీన్‌ని కాదు, డీఎన్ఏనే. గింజలు కడిగి, ఎందుకంటే వాటి మీద పూసిన రంగు మందు పీసీఆర్‌ని పాడు చేయొచ్చు, పొడి చేసి, అందులోంచి డీఎన్ఏ బయటకి తీస్తారు. పత్తి గింజతో ఇది ఒక తలనొప్పి, అందులో గాసిపాల్, ఇంకా రకరకాల ఫినాల్ పదార్థాలు డీఎన్ఏకి అతుక్కుని గోధుమ రంగు జిగురులా చేస్తాయి, ఆ జిగురుతో పీసీఆర్ ఆగిపోతుంది, అప్పుడు వచ్చే నెగెటివ్ అసలు నెగెటివే కాదు. అందుకే మంచి ల్యాబ్ ప్రతి శాంపిల్‌లో పత్తికి సహజంగా ఉండే ఒక జీన్ కోసం కూడా పీసీఆర్ చేస్తుంది, అది వస్తేనే డీఎన్ఏ బాగుందని, మిగతా ఫలితాన్ని నమ్మొచ్చని. మొక్కజొన్నకి, సోయాకి కూడా ఇలాంటి సొంత జీన్లు నిర్ణయించి పెట్టారు. మీ రిపోర్ట్‌లో ఈ సొంత జీన్ ఫలితం రాసి లేకపోతే ఆ నెగెటివ్‌ని నేను నమ్మను.

డీఎన్ఏని 95 డిగ్రీల దాకా వేడి చేస్తే రెండు పోగులు విడిపోతాయి, 60 డిగ్రీల చుట్టూ చల్లారిస్తే మనం ఇచ్చిన ప్రైమర్లు, అంటే వెతికే చోటుకి సరిపోయేలా తయారు చేసిన చిన్న డీఎన్ఏ ముక్కలు, తమకి సరిపడే చోట అతుక్కుంటాయి, ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, 35 సార్లు తిరిగేసరికి ఒక్క ముక్క నుంచి 3400 కోట్ల ముక్కలు. ఈ బలమే దీని బలహీనత కూడా. పొడి చేసే గ్రైండర్ మూతలో నిన్నటి జీఎం గింజ దుమ్ము రవ్వంత మిగిలినా ఇవాళ్టి శుభ్రమైన శాంపిల్ పాజిటివ్ వస్తుంది. అందుకే గింజలు పొడి చేసే గది, డీఎన్ఏ తీసే గది, పీసీఆర్ పెట్టే గది వేరు వేరుగా ఉండాలి, ప్రతి రన్‌లో ఉత్త నీళ్లు పెట్టిన ట్యూబ్ ఒకటి ఉండాలి, ఆ నీళ్ల ట్యూబ్‌లో కూడా సిగ్నల్ వస్తే ఆ రోజు రిపోర్టులన్నీ చెత్తబుట్టలోకే.

దేని కోసం వెతకాలి అనేది అసలు మెలిక. మొదటి మెట్టు స్క్రీనింగ్, చాలా జీఎం మొక్కల్లో వాడిన ఉమ్మడి ముక్కల కోసం చూడటం. కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసిన, జీన్‌ని పని చేయించే 35ఎస్ ప్రమోటర్, అగ్రోబాక్టీరియం అనే మట్టి బాక్టీరియా నుంచి తీసిన, జీన్ ఎక్కడ ఆగాలో చెప్పే నాస్ టెర్మినేటర్, ఇవి రెండూ బాగా ఎక్కువ వాడారు కాబట్టి ముందు వీటినే చూస్తారు. మొక్కజొన్న లాట్‌లో 35ఎస్ కనపడితే అనుమానం గట్టిపడినట్టే. అదే మన పత్తిలో 35ఎస్ కోసం చూస్తే ఏమొస్తుంది? అనుమతి ఉన్న బీటీలోనే అది ఉంది, ప్రతి ప్యాకెట్టూ పాజిటివే, దాంతో హెచ్‌టీ ఉందో లేదో తెలియదు. ఆవాల్లో ఇంకో రకం మోసం, ఆ వైరస్ సహజంగానే ఆవాలు, క్యాబేజీ కుటుంబం మొక్కలకి తెగులుగా వస్తుంది, తెగులు పట్టిన మామూలు ఆవ మొక్క కూడా 35ఎస్ పాజిటివ్ చూపిస్తుంది, కాబట్టి ఆ వైరస్‌కి ఉన్న ఇంకో జీన్ కోసం కూడా చూసి, ఇది తెగులా, జీఎమ్మా అని విడదీయాలి. దీనికి ఎదురు కేసు కూడా ఉంది, ఆవాల జాతి నూనె పంట కనోలాలో జీటీ73 అనే జీఎం రకంలో 35ఎస్ ప్రమోటరే లేదు, వేరే వైరస్ నుంచి తీసిన ప్రమోటర్ వాడారు, 35ఎస్ ఒక్కటే చూసే ల్యాబ్ కంటికి అది ఆనదు.

రెండో మెట్టు జీన్‌నే వెతకడం, క్రై1ఏసీ, సీపీ4 లాంటివి. మూడోది, ప్రమోటర్‌కీ జీన్‌కీ మధ్య మనుషులు అతికించిన చోటు. నాలుగోది అన్నిటికన్నా గట్టిది, బయటి నుంచి పెట్టిన డీఎన్ఏ మొక్క సొంత డీఎన్ఏలో ఎక్కడ దిగిందో ఆ సరిహద్దు. ప్రతి జీఎం రకం ఒకే ఒక్క మొక్కలో ఒకే ఒక్కసారి ఒక చోట దిగిన దాని సంతానం, కాబట్టి ఆ సరిహద్దు మామూలుగా దాని సంతానానికి తప్ప ఇంకే రకానికీ ఉండదు, దీన్నే ఈవెంట్ అంటారు. మాన్ 531, మాన్ 15985, మాన్ 88913 అని పత్తి రిపోర్టుల్లో కనపడే పేర్లు ఇవే, మొదటి రెండూ మన దగ్గర అనుమతి ఉన్న బోల్‌గార్డ్ 1, 2, మూడోది గడ్డి మందు తట్టుకునేది. ఈవెంట్ టెస్ట్ పాజిటివ్ అయితే ఫలానా ఈవెంట్ అని పేరు పెట్టి చెప్పొచ్చు, కోర్టులో నిలబడుతుంది. కానీ దీనికి ఆ సరిహద్దు సీక్వెన్స్ ముందే తెలిసి ఉండాలి, పోల్చుకోవడానికి ప్రామాణిక నమూనా చేతిలో ఉండాలి. ఎవరూ రిజిస్టర్ చేయని, ఎక్కడో దొంగచాటుగా తయారైన రకం వస్తే ఈవెంట్ టెస్టులన్నీ నెగెటివ్, స్క్రీనింగ్ మాత్రం పాజిటివ్, అలాంటప్పుడు ఆ అర్థం కాని పాజిటివ్‌ని పక్కన పడేయకూడదు.

ఇలా పట్టుకున్న కథలు మన దేశంలోనే ఉన్నాయి. 2001లో గుజరాత్‌లో కాయతొలుచు పురుగు విరుచుకుపడి చేలన్నీ పాడైతే, నవభారత్ 151 అనే హైబ్రిడ్ వేసిన చేలు మాత్రం నిలబడ్డాయి, చూస్తే అందులో క్రై1ఏసీ ఉంది, అప్పటికి దేశంలో బీటీకి అనుమతే రాలేదు. 2017లో గుజరాత్‌లోనే మొడాసా దగ్గర సోయాలో గడ్డి మందు తట్టుకునే జీఎం దొరికింది. 2019లో హర్యానాలో ఫతేహాబాద్ జిల్లాలో బీటీ వంకాయ దొరికింది, ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ల్యాబ్ నిర్ధారించింది, పంట పీకేశారు. గమనించండి, ఈ మూడింటిలోనూ ముందు పొలంలో ఎవరికో అనుమానం వచ్చింది, ఫిర్యాదు వచ్చింది, తర్వాతే ల్యాబ్. మామూలుగా విత్తనాలని వరసగా టెస్ట్ చేస్తూ పోతుంటే బయటపడినవి కావు ఇవి.

టెస్ట్ చేస్తూ పోతే ఏమవుతుందో చూడాలంటే కెనడా అవిసె గింజల సంగతి తెలుసుకోవాలి. అక్కడ సస్కాచెవాన్ యూనివర్సిటీ ట్రిఫిడ్ అనే జీఎం అవిసె తయారు చేసింది, మట్టిలో మిగిలిపోయిన ఒక రకం కలుపు మందుని తట్టుకునేది. 90లలో అనుమతి కూడా వచ్చింది, కానీ యూరప్ కొనదేమో అని అవిసె రైతులే భయపడి ఒత్తిడి చేసి 2001లో రిజిస్ట్రేషన్ రద్దు చేయించారు, ఉన్న విత్తనం నాశనం చేశారు, అందరూ మర్చిపోయారు. 2009లో జర్మనీలో బేకరీ సరుకులో అది బయటపడింది. కెనడా అవిసెలో సింహభాగం కొనేది అప్పుడు యూరపే, ఒక్కసారిగా ఆ మార్కెట్ మూసుకుపోయింది. ఏ అతుకు కోసం వెతికారంటే నాస్ టెర్మినేటర్‌కీ, స్పెక్టినోమైసిన్ నిరోధక జీన్‌కీ మధ్య ఉన్న అతుకు, అది ప్రకృతిలో ఉండే అవకాశం లేదు కాబట్టి. రైతులు విత్తనం వేసే ముందు టెస్ట్ చేయించుకోవాల్సి వచ్చింది, పండినది అమ్మే ముందు మళ్లీ టెస్ట్, లోడింగ్ దగ్గర మళ్లీ టెస్ట్. అంతా చేస్తే చివరికి తెలిసింది, కలుషితం రైతు పొలంలో మొదలవలేదు, కొన్ని రకాల మూల విత్తనంలోనే, అంటే బ్రీడర్ సీడ్‌లోనే రవ్వంత ఉంది, అక్కడి నుంచి ప్రతి తరానికీ పాకింది. ఆ రకాలని శుభ్రమైన మొక్కల నుంచి మళ్లీ మొదటి నుంచి పెంచుకుంటూ రావాల్సి వచ్చింది.

అమెరికాలో 2006లో ఎల్ఎల్ రైస్ 601 అనే అనుమతి లేని జీఎం వరి పొడుగు గింజ బియ్యంలో దొరికింది, దానికి కారణమైన కంపెనీ 2011లో రైతులకి 75 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అక్కడ కూడా ఒక వరి రకం ఫౌండేషన్ సీడ్‌లోనే, అంటే అమ్మే విత్తనం పెంచడానికి వాడే పునాది విత్తనంలోనే కలిసి ఉంది. ఈ రెండు కేసులు చూశాక నాకు ఒకటే అనిపిస్తుంది, టెస్టింగ్ డబ్బు పెట్టాల్సిన చోటు ఊళ్లో డీలర్ షాపు కాదు, గద్వాల, నంద్యాల లాంటి చోట్ల విత్తనోత్పత్తికి ఇచ్చే ఆడ, మగ పేరెంట్ లైన్ల దగ్గర. అక్కడ ఒక గింజ తప్పితే కింద లక్షల ప్యాకెట్లు తప్పుతాయి. కాకపోతే పేరెంట్ విత్తనం చాలా కొంచెం ఉంటుంది, 500 గింజలు ఉన్న లాట్‌లో 3000 గింజలు పొడి చేయమంటే ఎలా? అప్పుడు గింజని చంపకుండా, ప్రతి మొక్కా మొలిచాక ఆకు చిన్న ముక్క తీసి మొక్క మొక్కనీ టెస్ట్ చేయాలి, ఖర్చే, కానీ అక్కడ పెట్టకపోతే ఇంకెక్కడ పెడతాం?

శాతం అనే మాట కూడా అందరినీ తికమక పెడుతుంది. ల్యాబ్ 0.4 శాతం అని ఇస్తే వెయ్యి గింజల్లో నాలుగు అని అనుకుంటాం. ల్యాబ్ కొలిచింది గింజల్ని కాదు, డీఎన్ఏని, అంటే జీఎం ముక్కల కాపీలు ఎన్ని, పంట సొంత జీన్ కాపీలు ఎన్ని అనే నిష్పత్తి. మొక్కజొన్నలో పక్క చేను జీఎం పుప్పొడి వచ్చి పడితే గింజలోని మొలక భాగంలో సగం డీఎన్ఏ తండ్రిది, పిండి భాగంలో మూడో వంతే తండ్రిది, పై పొట్టు పూర్తిగా తల్లిదే. అంటే ఆ గింజ మొత్తం జీఎం గింజే అయినా డీఎన్ఏ లెక్కలో సగం కూడా రాదు. నిజంగా వందకి ఒక గింజ కలిసిన లాట్ ల్యాబ్‌లో 0.4 శాతం చుట్టూ చూపిస్తుంది. మరోపక్క ఒకే గింజలో రెండు ఈవెంట్లు కలిపి పెట్టి ఉంటే రెండింటినీ విడివిడిగా కొలిచి కూడతారు, గింజ ఒకటే అయినా రెండు గింజల లెక్క వస్తుంది. అందుకే విత్తనాల దగ్గర శాతం కొలిచే మెషిన్ కన్నా గింజల్ని గుంపులుగా చేసి చూడటం నాకు నచ్చుతుంది. 3000 గింజల్ని 300 చొప్పున పది గుంపులు చేసి, ఒక్కో గుంపూ పొడి చేసి ఉందా లేదా అని మాత్రమే చూడాలి. పదిలో ఒక్క గుంపే పాజిటివ్ అయితే లాట్‌లో సుమారు 0.035 శాతం గింజలు, మూడు గుంపులు పాజిటివ్ అయితే 0.12 శాతం దగ్గర. ఇది గింజల లెక్క, డీఎన్ఏ గొడవ లేదు. ఈ లెక్కలు వేసి పెట్టే ఎక్సెల్ షీట్ సీడ్‌కాల్క్ అని ఉంది, ఇస్టా ఉచితంగానే ఇస్తుంది.

ఎంత ఉంటే ఒప్పుకోవాలి అనేది సైన్స్ తేల్చే ప్రశ్న కాదు, దేశాలు తేల్చుకున్నది. యూరప్‌లో అనుమతి ఉన్న జీఎం ఆహారంలో పొరపాటున కలిస్తే 0.9 శాతం దాకా లేబుల్ అక్కర్లేదు, కానీ విత్తనాలకి అలాంటి వెసులుబాటే పెట్టలేదు. మన ఆహార భద్రతా సంస్థ 2021 మార్చి నుంచి 24 ఆహార పంటల దిగుమతికి జీఎం కాదనే సర్టిఫికెట్ అడుగుతోంది, పొరపాటున కలిసేదానికి 1 శాతం వరకు ఒప్పుకుంటుంది. అది తినే సరుకు సంగతి. తినేది కడుపులోకి పోయి అయిపోతుంది, విత్తనం అలా కాదు, మొలుస్తుంది, పూస్తుంది. 475 గ్రాముల పత్తి ప్యాకెట్‌లో సుమారు 5 వేల గింజలు ఉంటాయి, 0.1 శాతం అంటే అయిదు మొక్కలు. బీటీ కాని పత్తి వేసి సొంతంగా విత్తనం దాచుకునే సేంద్రియ రైతు చేలో ఆ అయిదు మొక్కలు తేనెటీగల పుణ్యాన తర్వాతి ఏడు ఎన్ని అవుతాయో చెప్పలేం. ఆ రైతు పత్తి కొనేవాళ్లు గింజ దశలోనే, మహా అయితే జిన్నింగ్ దగ్గరే టెస్ట్ చేసుకోవాలి, దారం తీసి రంగు వేశాక డీఎన్ఏ ముక్కలైపోతుంది, చొక్కా పట్టుకుని ఇది జీఎం పత్తో కాదో ఏ ల్యాబూ నమ్మకంగా చెప్పలేదు. పత్తిలో జీఎం స్క్రీనింగ్ ఎలా చేయాలో 2019లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ఒక పత్రం తెచ్చింది, ఐడబ్ల్యూఏ 32 అని, సేంద్రియ పత్తి వాళ్లు ఇప్పుడు దాన్నే పట్టుకుంటున్నారు.

ఇక ముందు రాబోయే చిక్కు మన వరి దగ్గరే ఉంది. 2022లో కేంద్రం కొన్ని రకాల జీన్ ఎడిటింగ్ పంటల్ని, అంటే బయటి డీఎన్ఏ మిగలనివాటిని, జీఎం నిబంధనల నుంచి మినహాయించింది. 2025 మేలో రెండు ఎడిటెడ్ వరి రకాలు ప్రకటించారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధనా సంస్థ తెచ్చిన డీఆర్ఆర్ ధాన్ 100, కమల అని పేరు, మన బాపట్ల సాంబ మసూరి నుంచి వచ్చింది, ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్ల డీఎస్‌టీ రైస్ 1 మన మారుటేరు ఎంటీయూ 1010 నుంచి వచ్చింది. వీటిలో 35ఎస్ ఉండదు, నాస్ ఉండదు, బయటి ప్రోటీన్ ఉండదు, సరిహద్దు ఉండదు, మొక్క సొంత జీన్‌లోనే చిన్న మార్పు, అంతే. పైన చెప్పిన స్క్రీనింగ్ టెస్టులన్నీ వీటి మీద నెగెటివే వస్తాయి. చట్టం ప్రకారం అవి జీఎం కావు కాబట్టి అది తప్పేమీ కాదు. కానీ బయటి దేశాల్లో అందరి చట్టమూ మనలా లేదు, సేంద్రియ సర్టిఫికెట్లు కూడా వీటిని ఒప్పుకోవు. మార్పు ఏ జీన్‌లో ఏ అక్షరం దగ్గర జరిగిందో తెలిస్తే దానికి పీసీఆర్ తయారు చేయడం కష్టమేమీ కాదు, సాంబ మసూరి లాట్‌లో కమల గింజలు కలిస్తే పట్టుకోవచ్చు. తెలియకపోతే మాత్రం ఆ మార్పు సహజంగా వచ్చిందా, ల్యాబ్‌లో చేసిందా అని డీఎన్ఏ చూసి చెప్పే దారి లేదు. కాబట్టి ఎడిట్ చేసిన ప్రతి రకంతో పాటు ఆ మార్పు వివరం, దాన్ని గుర్తించే పీసీఆర్ పద్ధతి, పోల్చుకోవడానికి నమూనా విత్తనం, ఈ మూడూ విడుదల రోజే అందరికీ అందుబాటులో పెట్టమని అడగాలి, రకం ఊరూరా పాకాక అడిగితే లాభం లేదు. అలాగే మన రాష్ట్రాల ల్యాబులు ఇచ్చే ప్రతి రిపోర్ట్ మీద ఎన్ని సంచుల నుంచి తీశారు, ఎన్ని గింజలు చూశారు, ఏ ముక్కల కోసం వెతికారు అని మూడు లైన్లు అదనంగా అచ్చేయమని కూడా, దానికి కొత్త మెషిన్ గానీ కొత్త చట్టం గానీ అక్కర్లేదు.